మీతో మాట్లాడాల్సింది ఉంది

మోటారు పంపుల ఫ్యాక్టరీకి మేనేజరుగా వచ్చి రెండేళ్ళయినా ఆమె మధ్యాహ్నం ఒక్కతే భోంచేసేది. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి ఆడమనిషి ఆమె. కింద సెక్షన్లు చూసే ఏడుగురూ మగవాళ్ళే. పదకొండింటికి గుంపుగా టీకి వెళ్ళేవారు. ఆమె అటుగా వస్తే నవ్వులు మింగేసి లేచి నిలబడేవారు. ఆ మర్యాదతో ఆమెకు ప్రాణం విసిగిపోయింది.

ఆ శనివారం పొద్దున్నే క్యారేజీ సర్దుకుంటూ, ఇవాళ అందర్నీ భోజనానికి పిలవాలని నిశ్చయించుకుంది. ఆఫీసుకు రాగానే ఫోన్లో గ్రూపుకి, "ఒంటి గంటకు నా గదిలో కలిసి భోంచేద్దాం" అని రాసింది. ఒట్టి భోజనానికే పిలిస్తే ఏమనుకుంటారోనని జంకు పుట్టింది. హోదాకు తగ్గట్టుంటుందని చివర "మీతో మాట్లాడాల్సింది ఉంది" అని తగిలించి పంపేసింది.

చిక్కంతా ఆ ముక్కతోనే వచ్చింది. పాత మేనేజరు ఇద్దర్ని ఇంటికి పంపిన రోజున సరిగ్గా ఇదే మాట అన్నాడని స్టోర్స్ చూసేవాడు గుర్తుచేశాడు. అన్నం పెట్టి మరీ తీసేస్తారా అని పెయింటింగ్ సెక్షనాయన దిగాలుపడ్డాడు. తన గది అద్దాల్లోంచి వాళ్ళ గుసగుసలు చూసి ఆమె రెండో కబురు పంపింది: "కంగారు పడకండి. ఇది మీ ఉద్యోగాల గురించి కాదు."

మా ఉద్యోగాలు కాకపోతే ఇక మిగిలింది ఎవరిదని వాళ్ళు లెక్కతేల్చుకున్నారు. ఏడుగురిలో ఒకడైన పర్సనెల్ ఆఫీసరు హెడ్డాఫీసుకు ఫోన్ చేసి, మేడం వెళ్ళిపోతున్న సంగతి నిజమేనా అని అడిగాడు. అక్కడివాళ్ళకి ఏమీ తెలియదు. తెలియదని ఒప్పుకునే అలవాటూ లేదు. తమకు ముందే తెలుసనీ, బయట అనవద్దనీ చెప్పారు. దాంతో అరగంటలో ఫ్యాక్టరీ అంతటికీ తెలిసిపోయింది.

ఒంటి గంటకు ఏడుగురూ పూలగుత్తితో, గోడ గడియారంతో లోపలికి వచ్చారు. ఆమె నోరు తెరిచేలోపే అందరికంటే పెద్దవాడైన, పోతపని చూసే ఫౌండ్రీ ఇన్‌చార్జి గొంతు సవరించుకున్నాడు.

"పంపులు పగిలి ఆర్డరు వెనక్కొచ్చినప్పుడు తప్పు నాది. మేడం గారు తనదని పైకి రాసేశారు. ఇన్నాళ్ళూ ఆ మాట చెప్పలేకపోయాను. మగ మేనేజరైతే టీ దగ్గర చెప్పేసేవాణ్ణి. ఆడవాళ్ళని టీకి రమ్మనొచ్చో లేదో తెలీక ఊరుకున్నాను."

ఆమె కళ్ళు చెమర్చాయి. అప్పుడే ఆపి నిజం చెప్పాల్సింది. కానీ రెండేళ్ళలో ఎవరూ ఆమెతో అన్ని మాటలు మాట్లాడలేదు. ఇంకో ఇద్దరు మాట్లాడాక చెబుదాంలే అనుకుంది.

ఐదోవాడు మాట్లాడుతుండగా హెడ్డాఫీసు నుంచి డైరెక్టరు ఫోన్ చేశాడు.

"తొందరపడకండమ్మా. మన కంపెనీలో ఆడ మేనేజర్లు ఉన్నారని వార్షిక నివేదిక అచ్చయిపోయింది. మీరు వెళ్తే ఒక్కరూ ఉండరు."

తాను రాజీనామా చేయడం లేదని ఆమె రెండుసార్లు చెప్పింది. ఆయన దాన్ని బేరం అనుకున్నాడు. మీకేం కావాలో నేను చూసుకుంటానని పెట్టేశాడు.

ఆమె ఏడుగురి వైపు తిరిగింది. "నేనెక్కడికీ వెళ్ళడం లేదండీ. రోజూ ఒక్కదాన్నే తినలేక పిలిచాను."

ముందుగా ఫౌండ్రీ ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఏ కబురు వినాల్సి వస్తుందోనని అందరూ పన్నెండింటికే భోజనం కానిచ్చేశారట. ఆమె తింటుంటే చుట్టూ కూర్చుని చూశారు. అయినా ఆమెకు ఆ రోజు అన్నం రుచిగానే ఉంది. వెళ్తూ వెళ్తూ ఫౌండ్రీ ఆయన, "సోమవారం మాతో టీకి రండి మేడం" అన్నాడు.

సాయంత్రానికి హెడ్డాఫీసు నుంచి ఉత్తరువు వచ్చింది. ఆమెకు ప్రమోషను, సోమవారమే హెడ్డాఫీసులో చేరాలి. మూడో అంతస్తు చివర ఆమెకొక్కదానికే పెద్ద గది, అందులోనే భోజనాల బల్ల కూడా ఇచ్చారు.

వీడ్కోలు సభ ఎలాగూ అయిపోయింది కనుక మళ్ళీ పెట్టనక్కర్లేదని పర్సనెల్ ఆఫీసరు నోటీసు బోర్డులో రాయించాడు.