మామగారి చెట్టుకు గోటి పరీక్ష

ఆ ఆదివారం చిన్నల్లుడి కార్యక్రమం చాలా చిన్నది. మామగారి బోన్సాయ్‌కి నీళ్ళు పోయాలి, కాఫీ తాగాలి, పేపరు చదవాలి. మొదటి పని దగ్గరే బండి ఆగిపోయింది. పళ్ళెంలాంటి కుండీలో జానెడు ఎత్తున ఉన్న ఆ చెట్టు కింద పదకొండు ఆకులు రాలి ఉన్నాయి.

జానెడే గానీ దాని వయసు ఇరవై రెండేళ్ళు. గడియారాలు బాగుచేసే మామగారు ఐదేళ్ళ కిందట కొట్టు మూసేసిన రోజున దాన్ని కొనుక్కుని, కళ్ళలో పెట్టుకుని చూసుకుంటున్నారు. ఇప్పుడు మూడు వారాలు ఉండటానికి పెద్దకూతురి ఇంటికి వెళుతూ, అక్కడ రెండు పిల్లులున్నాయి కాబట్టి, చిన్నల్లుడి చేతిలో పెట్టారు. "రోజుకి ఒక్కసారి నీళ్ళు పొయ్యండి. అంతే" అన్నారు. అంతకుమించి మాట్లాడటం ఆయనకు అలవాటు లేదు. పెళ్ళయిన ఈ ఆరేళ్ళలో అల్లుడికి ఆయన ఒక్క పని అప్పజెప్పింది లేదు. బల్బు మార్చాలన్నా తనే కుర్చీ ఎక్కేవారు. పిల్లుల ధర్మమా అని దక్కిన అవకాశమే అయినా, అల్లుడు పొంగిపోయాడు. ఈ ఒక్కటీ సరిగ్గా చేస్తే ఆయన తనను నమ్ముతారని అతని ఆశ.

"ఏమోయ్, ఇలా రా! ఆకులు రాలిపోతున్నాయి" అని భార్యను పిలిచాడు.

"కంగారు పడకండి. బెరడు మీద గోటితో కాస్త గీకి చూడాలట. లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టేనట. మా ఆసుపత్రి తోటమాలి చెప్పాడు."

గీకాడు. పచ్చగానే ఉంది. ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు.

అతను మరొకడైతే కథ ఇక్కడే అయిపోయేది. కానీ అతని ఉద్యోగం బిస్కెట్ల ఫ్యాక్టరీలో. బెల్టు మీద వచ్చే ప్రతి వందో బిస్కెట్టునూ విరిచి, లోపల సరిగ్గా కాలిందో లేదో చూడాలి. పన్నెండేళ్ళుగా విరిచి చూసేవాడికి, నిన్న బాగున్నది ఇవాళా బాగుంటుందన్న భరోసా ఎక్కడిది? సోమవారం ఇంకాస్త కింద గీకాడు, మంగళవారం ఇంకాస్త పైన. పిరికివాడనుకుంటారని ఎవరికీ చెప్పలేదు.

తనూ గీకుతున్నట్టు భార్యా చెప్పలేదు. ఆమె నర్సు. రోగిని ఆరుగంటలకోసారి చూడకపోతే ఆమెకు తోచదు. ఆ ఉద్యోగంలో గోళ్ళు పెంచుకునే వీల్లేదు కాబట్టి జడపిన్ను వాడింది. ఇక అతని తల్లి ముప్ఫయ్యేళ్ళు కుట్టుపని నేర్పిన మనిషి, ఏ గుడ్డనైనా గోటితో గీరి చూడనిదే కత్తెర ముట్టుకోదు. తోటమాలి మాట వంటింట్లోంచి విని, మధ్యాహ్నాలు తన వంతు తనూ గీరుతూ వచ్చింది.

శుక్రవారానికి సగం ఆకులు పోయాయి. ఎవరు గీకిన చోటు వాళ్ళకు తెలుసు. మిగతా గాట్లు ఎక్కణ్ణించి వచ్చాయో ముగ్గురికీ అంతుపట్టలేదు.

"ఏమండీ, దీనికేదో పురుగు పట్టింది. బెరడంతా తినేస్తోంది!"

"నేనూ అదే అనుకుంటున్నా. ఈ గాటు నిన్న లేదు."

తల్లి కళ్ళజోడు సవరించుకుని జడపిన్ను గీతలను చూసింది. "మా కాలంలో పురుగులకి ఇంత పదునైన పళ్ళు లేవురా" అంది.

భార్య గాజుగుడ్డ తెచ్చి కాండానికి కట్టు కట్టింది. కట్టు కట్టాక లోపల ఎలా ఉందో తెలియదు కదా! ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు విప్పి చూశారు. ఎలాగూ విప్పారు కాబట్టి ఓసారి గీకి చూశారు.

రెండో వారం పక్కింటి వడ్రంగిని పిలిచారు. "చెక్క సంగతి నాకొదిలెయ్యండి. పురుగు లోపలికి దూరిందేమో చూద్దాం" అంటూ అతను జేబులోంచి చిన్న ఉలి తీసి, అంగుళం మేర నున్నగా చెక్కేశాడు. ఆ తర్వాత తీరిగ్గా అన్నాడు: "ఒక్క మాటండీ. చుట్టూరా బెరడు పోతే చెట్టు చచ్చిపోద్ది. ఇదిగో, ఇక్కడ వేలు వెడల్పున మిగిలింది. దీని జోలికి మాత్రం వెళ్ళకండి."

చివరి శనివారం అల్లుడు సెలవు పెట్టి, పురుగును పట్టుకుందామని కర్టెన్ వెనక నిలబడ్డాడు. మధ్యాహ్నం తల్లి మునివేళ్ళ మీద నడుచుకుంటూ వచ్చి బొటనవేలు చాపింది.

"అమ్మా!"

"ఒక్కసారేరా..."

ఆ కేకకు గదిలోంచి భార్య పరుగెత్తుకొచ్చింది. చేతిలో జడపిన్ను ఉంది. అల్లుడు తన గోళ్ళకేసి చూసుకున్నాడు. ఎవరికీ నవ్వు రాలేదు. వాళ్ళది నిర్లక్ష్యం కాదు. నీళ్ళు వేళకు పోశారు, ఎండకు పెట్టారు. ఊరుకోవడమొక్కటే చేతకాలేదు. అప్పటికి చెట్టుకు ఒక్క ఆకు కూడా లేదు.

మర్నాడు మామగారు గుమ్మంలో అడుగుపెట్టగానే అల్లుడు ఎదురెళ్ళాడు. "మావయ్యగారూ, మీ చెట్టుని చంపేశాను. గీకింది నేనే, మొత్తం నేనే" అన్నాడు.

మామగారు జేబులోంచి గడియారాలు చూసే భూతద్దం తీసి కంటికి పెట్టుకుని, చాలాసేపు చూశారు.

"ఆకులు ఏటా ఈ నెలలో రాలతాయి. చలి తగ్గాక మళ్ళీ వస్తాయి. రాలకపోతేనే కంగారు పడాలి."

"మరి చెప్పలేదేం నాన్నా? మేం మీ ఇంటికొచ్చేది వేసవిలో. అప్పుడెప్పుడూ గుబురుగానే ఉంటుందిగా!"

"నాకు తెలుసు కదా, అందరికీ తెలుసనుకున్నా." ఆయన భూతద్దం దించారు. "తప్పు నాదే. రెండు మాటలు ఎక్కువ చెబితే నా సొమ్మేం పోయేది?"

మళ్ళీ భూతద్దంలోకి వంగారు. "ఇది గోరు. ఇది జడపిన్ను. ఇది ఉలి. మొత్తం నువ్వే గీకావన్నమాట!" అని అల్లుడి భుజం మీద చెయ్యి వేశారు. "మిగిలిన బెరడు చాలు, బతుకుతుంది. ఈ చలిలో దీన్ని మళ్ళీ తిప్పకూడదు. చిగురు వేసేదాకా నీ దగ్గరే ఉంచు."

ఆరేళ్ళుగా 'మీరు' అంటూ దూరంగా నిలబెట్టిన మనిషి నోట ఆ మాట విని అల్లుడికి కళ్ళు చెమర్చాయి. అది కనబడకుండా కాఫీ వంకతో వంటింట్లోకి వెళ్ళాడు. ఆడవాళ్ళిద్దరూ అతని వెనకే వెళ్ళారు.

కప్పులతో తిరిగొచ్చేసరికి మామగారు కుండీ మీదికి వంగి ఉన్నారు. ఆయన బొటనవేలి గోరు, మిగిలిన ఆ వేలెడు వెడల్పు బెరడు మీద ఉంది.

"నాన్నా!"

"ఒక్కసారేనమ్మా" అన్నారాయన తల ఎత్తకుండానే. "పచ్చగానే ఉంది."

ఆ సాయంత్రం ఇంట్లో అందరి గోళ్ళూ నర్సు వరసగా కత్తిరించింది, వాళ్ళ నాన్నతోనే మొదలుపెట్టి.