పదకొండో గడిలో కారం

మన దేశంలో మనిషి ప్రాణానికి విలువ లేదని చెప్పుకు తిరిగేవాళ్ళెవరూ ఆత్మరక్షణ ఆయుధ అనుమతి దరఖాస్తును చూసి ఉండరు. అందులో ఒక్క ప్రాణం కోసం ఇరవై రెండు గడులున్నాయి. పుట్టడానికి ఎనిమిది, చావడానికి తొమ్మిది చాలనుకున్న ప్రభుత్వమే, ఆ రెంటి మధ్యా బతికుండాలనుకునే మనిషికి ఇరవై రెండు ఇచ్చింది. (ఇరవై మూడోది 'కార్యాలయ ఉపయోగార్థం'. దాన్ని మనం ఖాళీగా వదిలెయ్యాలి. కార్యాలయం కూడా ఖాళీగానే వదిలేస్తుంది.)

వినుకొండ వెళ్ళే దారిలో ఉన్న మేడిగుంట్లలో ఆ దరఖాస్తును మొట్టమొదట చేతబట్టిన మనిషి సుబ్బరావమ్మ. యాభై ఎనిమిదేళ్ళు, రెండున్నర ఎకరాల మిరప, ఒక గేదె. భర్త పోయి ఏడేళ్ళు. ఆమెకు తుపాకీ సరదా లేదు. ఉన్నదల్లా ఒక మరిది. పేరు చెంచయ్య.

అన్న పోయాక అన్న పొలం తనదేనని చెంచయ్య నమ్మకం. ఆ నమ్మకానికి మొదట్లో గట్టు సాయపడింది. ఏటా ఓ జానెడు వదిన చేలోకి జరిగేది. సుబ్బరావమ్మ సర్వేయరును పిలిపించి గొలుసు వేయించేసరికి గట్టు సిగ్గుపడి వెనక్కి వెళ్ళింది. చెంచయ్య సిగ్గుపడలేదు. బస్టాండు పక్క టీ కొట్లో ముగ్గురు వింటుండగా, "కోర్టులూ కొలతలూ మనకెందుకు? ఎండు కాయ కళ్ళంలోనే కదా ఉండేది. ఒక్క అగ్గిపుల్ల చాలు" అన్నాడు.

మిరప రైతుకు కళ్ళమంటే ఏడాది కష్టం. కోసిన పండు కాయ రెండు మూడు వారాలు నేలమీద ఎర్రగా పరుచుకుని ఎండాలి. ఆ మూడు వారాలూ రైతు బతుకు కప్పులేని ఇంట్లో పడుకున్నట్టే. సుబ్బరావమ్మ పోలీసు స్టేషనుకు వెళితే, ఫిర్యాదులు రాసుకునే రైటరు ఆమె చెప్పిందంతా శ్రద్ధగా విని, కాలిన తర్వాత రమ్మన్నాడు. ముందే వస్తే ఏమని రాసుకోవాలో తెలియదన్నాడు. ఒంటరి మనిషి కనక ఏదన్నా ఆయుధం చూసుకుంటే మంచిదని సలహా కూడా ఇచ్చాడు. (సలహాకు రసీదు ఇవ్వలేదు.)

సుబ్బరావమ్మ సలహాను పాటించే మనిషి. గుంటూరు బస్సెక్కి మొహిద్దీన్ బాషా గారి తుపాకుల కొట్టుకు వెళ్ళింది. తాతల నాటి కొట్టు. అద్దాల బీరువాలో ఆయుధాలు, అద్దం మీద 'ముట్టుకోరాదు' అన్న బోర్డు. బాషా గారు ఆమెకు కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, మొదటి తుపాకీయేనా అమ్మా అని అడిగారు.

"మొదటిదే నాయనా. ఆఖరుది కూడా."

ఆయన రెండు రకాలున్నాయని చెప్పారు. రివాల్వరులో ఆరు గుళ్ళు, గుండ్రంగా తిరుగుతాయి. పిస్తోలులో ఎనిమిది, పిడిలోని పెట్టెలో ఉంటాయి. పిస్తోలు ఎక్కువ పేలుతుంది గానీ అప్పుడప్పుడు ఇరుక్కుంటుంది. రివాల్వరు తక్కువ పేలుతుంది, కానీ పేలుతుంది.

సుబ్బరావమ్మ ఇరవై ఏళ్ళుగా విత్తనాల కొట్లో నిలబడి ఆలోచించినట్టే ఇక్కడా ఆలోచించింది. "అంటే ఆ రెండోది హైబ్రిడ్డు. దిగుబడి ఎక్కువ, నమ్మకం తక్కువ."

"అంతేననుకోండమ్మా."

"నాటు రకమే ఇవ్వండి."

ఇవ్వడానికి వీల్లేదు. ముట్టుకోవాలంటే లైసెన్సు ఉండాలి. లైసెన్సు కావాలంటే ఫలానా ఆయుధం నా చేతికి అమరిందని తొమ్మిదో గడిలో రాసివ్వాలి. ముట్టుకోకుండా అమరిందో లేదో తెలిసే దారి చట్టంలో లేదు. బాషా గారి దగ్గర ఉంది. ఆయన అరకిలో తూకం రాయినీ రెండు వందల గ్రాముల రాయినీ చేతిరుమాలులో మూటకట్టి ఆమె చేతిలో పెట్టారు. రివాల్వరు బరువు అచ్చంగా అంతేనట. సుబ్బరావమ్మ చెయ్యి చాపి గోడ గడియారం చూస్తూ రెండు నిమిషాలు పట్టుకుంది. రోజూ రోట్లో పచ్చడి నూరే చెయ్యి, వణకలేదు. అమరిందని రాసుకుంది. మూట ఉంచుకోమన్నారు బాషా గారు.

పదో గడికి గురి ధ్రువపత్రం కావాలి. దానికి జిల్లా గురి సాధన ప్రాంగణం ఉంది. రిటైరైన హెడ్ కానిస్టేబులు ఇమాం హుస్సేన్ అక్కడ ముఖ్య శిక్షకుడు. (ఉప శిక్షకుడు లేడు. తోటమాలి కూడా ఆయనే.) అభ్యర్థి ఇరవై అయిదు గుళ్ళు పేల్చాలని నియమం. గుళ్ళు లైసెన్సు ఉన్నవాళ్ళకే అమ్మాలని ఇంకో నియమం. ఈ రెండు నియమాలకూ గౌరవం తగ్గకుండా ఇమాం హుస్సేన్ పన్నెండేళ్ళుగా నోటితో పేల్పిస్తున్నాడు.

"ఢాం అనండమ్మా. గట్టిగా. మనసులో అనుకుంటే లెక్కలోకి రాదు."

సుబ్బరావమ్మ తూకం రాళ్ళ మూటను గురి బొమ్మకేసి చాపి ఇరవై అయిదు సార్లు ఢాం అంది. రెండుసార్లు మధ్యలో దగ్గొచ్చింది. ఇమాం హుస్సేన్ ఆ రెండూ గురి తప్పినట్టు రాసుకుని, మిగతా ఇరవై మూడూ తగిలాయని సంతకం చేశాడు. ఈ మధ్య ఒక కాంట్రాక్టరుకు పదకొండే తగిలాయని, ఆయన గొంతు బొంగురని చెప్పి ఆమెను మెచ్చుకున్నాడు.

ఇక పదకొండో గడి. 'అభ్యర్థి వద్ద ఇప్పటికే ఉన్న ఆయుధముల వివరములు.' ఆఫీసు ముందు కూర్చుని దరఖాస్తులు రాసిపెట్టేవాళ్ళు అక్కడ కళ్ళు మూసుకుని 'లేవు' అని రాస్తారు. సుబ్బరావమ్మ తన దరఖాస్తు తనే రాసుకుంది. కాగితం అడుగున 'ఉన్నది దాచినచో శిక్షార్హులు' అని ఉంది. మూడేళ్ళ కిందట గేదెను విప్పుకుపోతున్న దొంగ కళ్ళలో గుప్పెడు కారం కొట్టి వాణ్ణి పట్టించిన సంగతి ఆమెకు జ్ఞాపకం వచ్చింది. అందుకని ఒక్కొక్క అక్షరం కుదురుగా దిద్ది, 'కారం. రెండు టిక్కీల కాయలు. ఇంకా ఆడించలేదు' అని రాసింది. (టిక్కీ అంటే మిరపకాయల గోతం. ఆయుధశాస్త్రంలో ఈ కొలత అంతకుముందు లేదు.)

ఆత్మరక్షణ అనుమతుల విభాగంలో సీనియర్ సహాయకుడు శ్రీకృష్ణ గారు పదకొండో గడి చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కొట్టివెయ్యడానికి ఆయనకు అధికారం లేదు. నమ్మడానికీ లేదు. నమూనాగా కిలో కాయలు పరీక్షాశాలకు పంపమని రాసి, పద్నాలుగో గడికి వెళ్ళారు. అందులో ప్రాణభయం ఎవరి వల్లో రాసి, వాళ్ళచేత సంతకం పెట్టించాలి.

బెదిరించినవాడు ఎందుకు పెడతాడు బాబూ అని సుబ్బరావమ్మ అడిగింది.

"బెదిరించినవాడు ఒప్పుకుంటేనేనమ్మా అది బెదిరింపు. లేకపోతే మీ అభిప్రాయం అవుతుంది. అభిప్రాయాలకు మేం రివాల్వర్లు ఇవ్వం."

ఆమె దరఖాస్తు పట్టుకుని చెంచయ్య ఇంటికే వెళ్ళింది. చెంచయ్య అరుగు మీద కూర్చుని కాగితం మొత్తం చదివాడు. 'చంపుతానని' అని అచ్చులో ఉన్నచోట కొట్టేసి 'తగలబెడతానని' అని దిద్ది, దిద్దుబాటు పక్కన పొట్టి సంతకం చేశాడు.

"ముగ్గురి ముందు అన్నమాట కాదనే రకం కాదు వదినా నేను. తేదీ వెయ్యనా?"

"వెయ్యి చెంచయ్యా. నీ నోటికి నీతి ఉంది. చేతికే లేదు."

చెంచయ్య ఆ మాటకు నవ్వి, ఈ దరఖాస్తులు ఎక్కడ దొరుకుతాయని అడిగాడు. దాచడం ఆమెకు అలవాటు లేదు కనక చెప్పింది.

చెంచయ్యకు పందొమ్మిది రోజుల్లో రివాల్వరు వచ్చింది. పదకొండో గడిలో 'లేవు' అని రాశాడు. పద్నాలుగో గడిలో, తన వదిన రివాల్వరు కోసం దరఖాస్తు పెట్టిందనీ, రెండు టిక్కీల కారం ఇప్పటికే సిద్ధంగా ఉన్నట్టు ఆమే రాసిచ్చిందనీ రాశాడు. సాక్ష్యం కోసం శ్రీకృష్ణ గారు లేవాల్సిన పని కూడా పడలేదు. వదిన సంతకంతో సహా పక్క సొరుగులోనే ఉంది.

సుబ్బరావమ్మ దరఖాస్తు మాత్రం పరీక్షాశాల కోసం ఆగింది. నలభై రోజులకు జవాబు వచ్చింది. నమూనా కంటికి ప్రమాదకరమనీ, పప్పులో అంత ప్రమాదకరం కాదనీ, పూర్తి అభిప్రాయానికి ఇంకో మూడు కిలోలు పంపాలనీ, వీలైతే తొడిమలు తీసి పంపాలనీ అందులో ఉంది.

ఇంతలో కోతలొచ్చాయి. సుబ్బరావమ్మ కళ్ళంలో నలభై టిక్కీల సరుకు ఎర్రగా పరుచుకుంది. నడుముకు తోలు సంచిలో రివాల్వరు పెట్టుకుని చెంచయ్య రోజుకు రెండుసార్లు గట్టుమీద నడుస్తున్నాడు. సరిగ్గా అప్పుడే పంచాయతీ ఎన్నికలు ప్రకటించారు.

ఎన్నికలంటే ఊళ్ళో ఉన్న ఆయుధాలన్నీ స్టేషనులో అప్పగించాలి. ప్రాణభయం రుజువైనవాళ్ళకు మాత్రం మినహాయింపు. చెంచయ్యకు రుజువైంది కనక మినహాయించారు. సుబ్బరావమ్మ కూడా మినహాయింపు కోరింది. జవాబు త్వరగానే వచ్చింది: 'సదరు చెంచయ్య గారు సత్ప్రవర్తన కలవారని ఈ కార్యాలయమే ధ్రువీకరించి ఆయుధ అనుమతి ఇచ్చి ఉన్నందున, వారి వలన తమకు ప్రాణభయము లేదని ఇందుమూలముగా తెలియజేయడమైనది. తమ వద్దనున్న ఆయుధములు వెంటనే అప్పగించవలెను.'

కానిస్టేబులు సుభానీ ట్రాలీ ఆటో తీసుకుని వచ్చాడు. మంచివాడు, తలెత్తి చూడలేకపోయాడు. సుబ్బరావమ్మ ఇంట్లో ఉన్న రెండు టిక్కీలూ (పరీక్షాశాల భాగం పోను) ఎక్కించి, రసీదు తీసుకుని, మడిచి బొడ్లో దోపుకుంది. తర్వాత కళ్ళం వైపు చూసింది. గట్టుమీద చెంచయ్య నిలబడి ఉన్నాడు.

"సుభానీ, ఉన్న ఆయుధం చెప్పకుండా దాస్తే నేరమా?"

"నేరమేనమ్మా. లోపలేస్తారు."

"అయితే రాసుకో నాయనా. కళ్ళంలో ఇంకో నలభై ఉంది."

సుభానీ కళ్ళం చూశాడు. ఆటో చూశాడు. సెల్‌ఫోను తీసి ఎస్సై గారికి చేశాడు. ఎస్సై గారు చట్టం పుస్తకం తిరగేశారు. రెండు టిక్కీలు ఆయుధమని రసీదు ఇచ్చాక నలభై టిక్కీలు కూరగాయలని అనడానికి చట్టంలో చోటు లేదు. సాయంత్రానికి మూడు ట్రాక్టర్లు వచ్చాయి.

అప్పగించిన ఆయుధాలకు తేమ తగలకుండా చూడాలని స్టేషను నియమం. అంచేత మూడు వారాల పాటు మండల పోలీసులు పొద్దునా సాయంత్రం మిరపకాయలు తిరగవేశారు. మబ్బు పడితే టార్పాలిన్ పట్టాలు కప్పారు. ముక్కుకు తువ్వాలు కట్టుకుని సెంట్రీ రైఫిలుతో కాపలా కాశాడు. ఆ ఘాటుకు లాకప్పులో ఉన్న ఇద్దరు అడక్కుండానే నాలుగు నేరాలు ఒప్పుకున్నారు. (వాటిలో ఒకటి వాళ్ళు చేసిందే.) సుబ్బరావమ్మ రోజూ అన్నం క్యారియరు తెచ్చుకుని, స్టేషను నీడలో కూర్చుని రంగు పోయిన తాలు కాయలు ఏరేది. ఒకరోజు చెంచయ్య గేటు దాకా వచ్చాడు. ఎన్నికలప్పుడు సాయుధులు లోపలికి రాకూడదని సెంట్రీ ఆపేశాడు.

"ఏం వదినా, కాపలా బాగుందా?"

"ఫర్వాలేదు చెంచయ్యా. కొంచెం దగ్గుతారు, అంతే."

ఓట్ల లెక్కింపు అయిన మర్నాడు ఆమె రసీదు చూపించి ఆయుధాలు వెనక్కి తీసుకుంది. మూడు టిక్కీలు తక్కువొచ్చాయి. ఎండితే తరుగు పోతుందని ఎస్సై గారు వివరించారు. ఆ నెల పోలీసు క్వార్టర్సులో పచ్చళ్ళు బాగా కుదిరాయని చెప్పుకున్నారు గానీ, అది వేరే విషయం. సుబ్బరావమ్మ సరుకు కళ్ళానికి చేర్చకుండా స్టేషను గేటు నుంచే గుంటూరు యార్డుకు తోలించింది. ఏడేళ్ళలో ఆమె భయపడకుండా అమ్ముకున్న పంట అదొక్కటే.

అది చూసి మేడిగుంట్లలో ముప్ఫై ఒక్క మంది రైతులు ఆత్మరక్షణకు దరఖాస్తు పెట్టారు. అందరి పదకొండో గడిలోనూ మిరపే. (ఒకాయన పత్తి కూడా రాశాడు. ముక్కులో కూరితే ఊపిరాడదని వివరణ.) ప్రభుత్వం ఊరుకోలేదు. సుబ్బరావమ్మకు ఒకే కవరులో రెండు ఉత్తరాలు వచ్చాయి. మొదటిదాంట్లో, ఆమె వద్ద ఇదివరకే నలభై రెండు టిక్కీల ఆయుధాలు ఉన్నట్టు పోలీసు రసీదుతో రుజువైనందున, ఇంకో ఆయుధం అవసరం లేదని రివాల్వరు దరఖాస్తును తిరస్కరించారు. రెండోదాంట్లో, వంట దినుసులు ఇకమీదట ఆయుధాలు కావని తెలియజేశారు. మొదటి ఉత్తరం సోమవారం నాటిది. రెండోది మంగళవారం నాటిది.

ఆమె రెండూ రెండుసార్లు చదువుకుని, తూకం రాళ్ళ మూటతో పాటు పెట్టెలో పెట్టింది.

మరుసటి ఏడు ఎన్నికలేవీ లేవు. వర్షాలు బాగా పడ్డాయి, కాయ బాగా దిగింది. మాఘమాసంలో కళ్ళం మళ్ళీ ఎర్రబడింది. నాలుగో రోజు మధ్యాహ్నం, పడమటి గాలి తోలుతుండగా, చెంచయ్య గట్టు దిగి వచ్చి కళ్ళం అంచున గొంతుక్కూర్చున్నాడు. నడుముకు రివాల్వరు ఉంది. దాన్ని ఆయన ఇంతవరకూ బయటికి తియ్యలేదు. లైసెన్సులో రాసిన షరతులన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తున్నాడు. చెవి సందులోంచి చుట్ట తీసి నోట్లో పెట్టుకుని, చొక్కా జేబులు తడుముకున్నాడు.

"వదినా, అగ్గిపెట్టె ఉందా?"

లేదంది సుబ్బరావమ్మ. ఆమె చెయ్యి, వణకని ఆ చెయ్యి, చీపురు మీద ఆగిపోయింది.

"ఫర్వాలేదులే. కొట్లో తెచ్చుకుంటా" అని చెంచయ్య లేచి, పంచె దులుపుకుని, బస్టాండు వైపు నడిచాడు.

అగ్గిపెట్టె రూపాయి. దరఖాస్తు అక్కర్లేదు.