ప్రాసెసరుకు కట్టిన కంకణం

నాదమే రూపముగా గోదావరి ఒడ్డున కొలువైన వాగ్దేవీ, వినలేనివారికి వినిపించు. వినిపించుకోనివారికి మరికొంత గట్టిగా వినిపించు తల్లీ!

లోకంలో ధ్వనిని పుట్టించేది పరమేశ్వరుడు; పంచిపెట్టేది ఉత్సవ కమిటీ. ఈ పరమసత్యం బోధన్‌లో సౌండ్ సెట్టు నడిపే లక్ష్మీరాజానికి రెండువేల మూడో సంవత్సరం శ్రీరామనవమి నాడు బోధపడింది.

ఆ ఏడు ఆయన హైదరాబాదు నుంచి డిజిటల్ ప్రాసెసరు తెచ్చాడు. చూపులకు పంచాంగమంత మందాన ఉన్న నల్లని ఇనుప పెట్టె. చేసే పని మాత్రం మహత్తరం. మైకులో పడిన ధ్వనిని క్రాసోవరు అనే ఏర్పాటుతో చీల్చి, మాటను స్పష్టంగా పలికే సన్నని స్వరాలను చిన్న స్పీకర్లకూ, గుండెలదిరే లావు స్వరాలను పెద్ద పెట్టెలకూ పంపుతుంది. కుదిరిన అమరికను నంబరు వేసి దాచుకుంటుంది. కల్యాణం జరిగే మైదానమంతటా మాటా మోతా సమానంగా వినబడే అమరికను లక్ష్మీరాజం మొదటి నంబరు కింద దాచాడు.

ఆయనకు జీవితంలో మిగిలిన కోరిక ఒక్కటే, కల్యాణ వేదికపై శాలువా. ఊరందరి సన్మానాలూ ఆయన మైకులోనే మోగాయి. ఒక్క శాలువా అయినా ఆయన భుజమెక్కలేదు.

కమిటీ అధ్యక్షుడు భోజన్న వచ్చి విని, పెదవి విరిచాడు.

"గిదేంది తమ్మీ? సోఫాలల్ల కూసున్న దాతలకు, ఎన్క జంఖానాల మీద కూసున్నోళ్లకు ఒక్కతీరు ఇనవడ్తే ఇగ ఆళ్లు చందా ఎందుకిస్తరు?"

"మరి ఎన్కోళ్లకు ఏం పంపాలె అన్నా?"

"మోత పంపు. దడదడ అంటే ఉత్సవం జోర్దార్‌గ అయితాందనుకుంటరు. మాటలు ముందటికే ఉంచు. గట్ల జేస్తివంటే ఈసారి శాలువ నీకే. నేనే పిలుస్త."

శాలువా పేరు చెవిన పడగానే ధర్మం ఆ చెవిలోంచే దిగిపోయింది. వెనుకవైపు చిన్న స్పీకర్లను ప్రాసెసరులోనే మూగవి చేసి, ఆ అమరికను రెండో నంబరు కింద దాచాడు లక్ష్మీరాజం.

పండుగనాడు పంతులుగారు సీతారాములకు కంకణాలు కడుతుంటే, తానూ ఒక పసుపు దారం అడిగి తెచ్చి ప్రాసెసరుకు కట్టాడు, బొట్టు పెట్టాడు.

"కంకణం వడ్డది. హారతి అయ్యేదాంక దీని మీద ఎవ్వలు చెయ్యి పెట్టొద్దు. నేనైనా సరే" అని ప్రకటించాడు. భోజన్న భక్తిపూర్వకంగా తలూపి, కాపలాకు తన బామ్మర్ది లింబయ్యను కూర్చోబెట్టాడు.

కల్యాణం మొదలైన కాసేపటికే, బీడీలు చుట్టి బతికే వెంకటవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చింది.

"బిడ్డా, పంతులు చదివేది ఒక్క ముక్క సమజైతలేదు. ధుం ధుం అనే ఇనవడ్తున్నది. సీతమ్మ పెండ్లా, పటాకుల దుకాణమా ఇది?"

"కంకణం కట్టిన అవ్వా, ముట్టొద్దు. భక్తి ఉంటే మనసుకే ఇనవడ్తది."

"మనసుకు ఇనవడేదుంటే గీ డబ్బాలెందుకు పెట్టినవ్‌రా?" అని గొణుక్కుంటూ వెళ్లిపోయిందామె.

అంతలో ఒక నాయకుడూ ఆయన పరివారమూ దిగారు. సోఫాలు చాలలేదు. ఇస్త్రీ చొక్కాతో ముందు వరుసలో శాలువాకై వేచిన లక్ష్మీరాజం భుజం తట్టి, "జర ఎన్కకు జరుగు తమ్మీ. పిలిసినంక వద్దువు" అన్నాడు భోజన్న. జరిగి జరిగి లక్ష్మీరాజం చివరి జంఖానా మీద, వెంకటవ్వ పక్కన తేలాడు.

"రాముని ముందట పెద్దోడు, చిన్నోడు అన్న భేదం లేదు" అని భోజన్న ఉపన్యసించాడు. సోఫాలు చప్పట్లు కొట్టాయి. జంఖానాలకు ధుం మాత్రం చేరింది.

వేదికపైకి పళ్లెంలో శాలువా వచ్చింది. భోజన్న పెదవులు కదిలాయి. ధుం. మళ్లీ కదిలాయి. ధుధుం. ముందు వరుసల తలలన్నీ వెనుదిరిగి ఎవరినో వెతికాయి. ఎవరా అని లక్ష్మీరాజమూ వెనుదిరిగి చూశాడు. వెనుక గోడ ఉంది.

"ఏమంటున్నడు బిడ్డా?" అడిగింది వెంకటవ్వ.

"ధుం అంటున్నడవ్వా."

"మనసు పెట్టి ఇను. భక్తి లేదా ఏంది?"

ఆయన తేరుకుని లేచేసరికి శాలువా లింబయ్య భుజాల మీద ఉంది.

హారతి అయ్యాక భోజన్నే ఎదురొచ్చి కోప్పడ్డాడు. "పిలిసి పిలిసి గొంతు వోయింది. ఏడ వోయినవ్? శాలువ చేతుల వట్టుకొని నిలవడ్తే బాగుండదని, డబ్బా కాసిండు గదా అని లింబయ్యకు కప్పినం."

"ఇనవడలేదన్నా."

"గంత మోత పెట్టినంక గూడ ఇనవడలేదా?"

లక్ష్మీరాజం వెళ్లి, ప్రాసెసరు కంకణం విప్పి, మొదటి నంబరు నొక్కాడు. అప్పటికి మైకు ముందు ఎవరూ లేరు. ఖాళీ మైదానమంతటా నిశ్శబ్దం మాత్రం అందరికీ సమానంగా వినబడింది.

ఈ కథ విన్నవారికి, చదివినవారికి, అందరికన్నా ముందు చివరి జంఖానా మీద కూర్చున్నవారికి, సీతారాముల పలుకు మోత లేకుండా మాటగానే చేరుగాక. శుభమస్తు.