మొగిలమ్మ వయసు ఎక్స్ అనుకొనుము

మనిషికి దొరికిన గొప్ప వరం ఏది? ఆరోగ్యమా? ఐశ్వర్యమా? కాదు! "ఎక్స్ అనుకొనుము" అనే ఒక్క మాట! పిల్లల్ని ఏడిపిస్తుందని దాన్ని తిట్టేవాళ్లను చూస్తే, వరంగల్‌లో ముప్పై రెండేళ్లు లెక్కల సారుగా చేసిన నాకు జాలేస్తుంది.

మీరే ఆలోచించండి. తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకుంటే పరువు పోతుంది. అదే ఎక్స్ అన్నామా, మేధావులం! కాజీపేట ప్లాట్‌ఫారం మీద బండి ఎప్పుడొస్తుందంటే "తెల్వదు" అనేవాడు మామూలు మనిషి. "ఎక్స్ నిమిషాలు లేటు" అనేవాడు సైంటిస్టు! కూర ఏమిటని అడిగి నా భార్య సుభాషిణితో తిట్లు తినడం కూడా నేనెప్పుడో మానేశాను. ఎక్స్ అనుకుని కూర్చుంటాను. కంచం ముందుకు రాగానే విలువ తేలుతుంది.

నమ్మరా? మా వీధి మొగిలమ్మ సంగతి వినండి. కూలి చేసీ చేసీ నడుం వంగిపోయింది. పింఛనుకు అర్జీ పెడితే యాభై ఏడు నిండాలి, వయసు చాలదన్నారు. ఆధార్ కార్డులో నలభై తొమ్మిదే ఉంది మరి! కార్డుకు ఫొటో తీస్తారని ఆ రోజు జుట్టుకు నల్లరంగు వేసుకుని పోయిందట. పుట్టిన తేదీ తెలియదంటే, అక్కడి ఆపరేటర్ ఆ జుట్టు చూసి ఒక అంకె కొట్టేశాడు.

"నా వయసు నాకెర్కలేదు సారూ. పెద్దోడు పుట్టిననాడు పద్దెనిమిదేండ్లని మా అవ్వ చెప్పేది" అంది.

ఇంకేం కావాలి! పెద్దకొడుకు సారంగపాణికి ఇప్పుడు నలభై ఆరు. మొగిలమ్మ వయసు ఎక్స్ అనుకొనుము. ఎక్స్‌లోంచి నలభై ఆరు తీసేస్తే పద్దెనిమిది. కాబట్టి ఎక్స్ అరవై నాలుగు! కార్డే నిజమైతే ఆమె మూడేళ్లకే తల్లయి ఉండాలి. తెల్లకాగితం మీద సమీకరణం రాసి, జవాబు కింద రెండు గీతలు కొట్టి, ఆమెను వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయాను.

గుమాస్తా శ్యాంసుందర్ శ్రద్ధగా చదివాడు. లేచి చెయ్యి కూడా కలిపాడు.

"లెక్క సూపరున్నది సార్! జర మా బిడ్డకు ట్యూషన్ చెప్తరా? గని ఏం జేద్దాం, కంప్యూటర్ల కార్డు వయసే ఎక్కుతది. బడి సర్టిఫికెట్ తెస్తే మారుస్తం."

బడి గడప తొక్కని మనిషి బడి సర్టిఫికెట్ ఎక్కణ్ణుంచి తెస్తుంది? నాకు ఒళ్లు మండింది.

"లేకుంటే ఇంకో ఎనిమిదేండ్లు ఆగుండ్రి" అన్నాడతను, ఏ ఎక్సూ లేకుండా నోటిలెక్కతోనే.

మొగిలమ్మ నా చేతిలో కాగితం వైపు చూసింది.

"అప్పటిదాక నేనుంటనని గా కాయితంల రాసిండ్రా సారూ?"