మామయ్యకు కింది బెర్తు

ఆన్‌లైన్‌లో రైలు టికెట్టు దొరకలేదని ఏడ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దొరికితే మాత్రం ఏం చేస్తారండీ? రైలెక్కుతారు, దిగుతారు. అంతేగా! దొరకనప్పుడు కదా మనిషిలోని అసలు మనిషి బయటికొచ్చేది!

నన్నడిగితే, మనిషిని బాగుచేయడానికి పుట్టినవాటిలో ఆ వెబ్‌సైటును మించింది లేదు. తొమ్మిదిన్నరకు ముందు మంచం దిగిన చరిత్ర నాకు లేదు. బుకింగు సరిగ్గా పది గంటలకు తెరుస్తారని తెలిశాక, ఎనిమిదింటికల్లా స్నానం చేసి, తల దువ్వుకుని, పెళ్లిచూపులకొచ్చినవాడిలా కంప్యూటరు ముందు కూర్చుంటున్నాను. మా నాన్న ఇరవై ఏళ్లు తిట్టి సాధించలేనిది ఆ వెబ్‌సైటు మూడు రోజుల్లో సాధించింది.

ఇక ఆ క్యాప్చా సంగతి! వంకరటింకర అక్షరాలు చూపించి, నువ్వు మనిషివేనా అని అడుగుతుంది. పాతికేళ్ల కాపురంలో మా ఆవిడ కూడా ఇదే మాట ఎన్నోసార్లు అడిగింది. ఆవిడకు ఏనాడూ జవాబు చెప్పలేకపోయాను. వెబ్‌సైటుకు మాత్రం రోజుకు నాలుగుసార్లు రుజువు చూపిస్తున్నాను. మూడుసార్లు ఒప్పుకోదు, అది వేరే విషయం.

మొన్నొకరోజు ట్రాఫిక్ లైట్లున్న బొమ్మలన్నీ నొక్కమంది. లైటు కింద స్తంభం కూడా లైటులో భాగమేనా? కాదని నేను, ఔనని మా ఆవిడ. మేమిద్దరం ఒక మాట మీదికొచ్చేసరికి రైలు నిండిపోయింది. పోతే పోయింది! మొగుడూ పెళ్లాం ఎదురెదురుగా కూర్చుని పది నిమిషాలు మాట్లాడుకుని ఎన్నాళ్లయిందో చెప్పండి!

చాలామంది నన్ను చిట్కాలడుగుతుంటారు. రాసుకోండి. ఓటీపీ వచ్చే ఫోనును ఎప్పుడూ పక్క గదిలోనే చార్జింగుకు పెట్టండి, పరుగు ఒంటికి మంచిది. టికెట్టు తీసేటప్పుడు పక్కన నిలబడి సలహాలిచ్చే చుట్టాన్ని ఒకరిని తప్పకుండా ఉంచుకోండి, తరవాత తిట్టడానికి మనిషి కావాలి. ప్రయాణికుల పేర్లు, వయసులు ముందే జాబితాలో దాచుకోండి. అప్పుడు టైపు కొట్టే పని లేదు, పేరు పక్కన టిక్కు పెడితే చాలు.

ఈ చివరి చిట్కా మాత్రం కాస్త చూసి వాడండి. ఎందుకో చెబుతాను.

మా మేనత్త మాతోనే ఉంటుంది. అరవై తొమ్మిదేళ్లు. నోరు బాగా పనిచేస్తుంది, కుడి మోకాలు బొత్తిగా పనిచేయదు. వంటగదిలోంచి వరండాలోకి రావాలన్నా గోడ పట్టుకోవాల్సిందే. నాలుగు నెలలు తిరగ్గా తిరగ్గా, వేరే ఊళ్లో ఎముకల డాక్టరు ఆపరేషనుకు తేదీ ఇచ్చాడు. ఆ రోజు పొద్దున్న తొమ్మిదికి అక్కడ లేకపోతే మళ్లీ నాలుగు నెలలు ఆగాలి. రైల్లో పద్నాలుగు గంటలు. నిచ్చెనెక్కలేదు కనుక కింది బెర్తే కావాలి. ఆవిడకొకటి, తోడు వెళ్లే నాకొకటి.

పది కాగానే జాబితా తెరిచాను. అత్తకు టిక్కు పెట్టాను. నాకు టిక్కు పెట్టాను. ఆహా, ఏం వేగం! డబ్బు కట్టేశాను, టికెట్టు వచ్చేసింది, కుర్చీలోంచి లేచి ఒక్క గెంతు గెంతాను కూడా. తరవాత చదివితే తెలిసింది. నా పేరు నొక్కబోయిన వేలు ఒక వరుస పైకి తగిలింది. అత్తకు పై బెర్తు. మామయ్యకు కింది బెర్తు.

మామయ్య పోయి మూడేళ్లయింది.

ఆయన పేరు జాబితాలోంచి తీసెయ్యడానికి మాకెవరికీ చెయ్యి రాలేదు, అలాగే ఉండిపోయింది. డెబ్భై ఒకటో ఏట పోయారు. టికెట్టు మీద డెబ్భై నాలుగని ఉంది. మేమంతా ఆయన పుట్టినరోజు మరిచిపోయినా, వెబ్‌సైటు మాత్రం ఏటా ఒక్కో ఏడు శ్రద్ధగా కలుపుతూ వచ్చింది! పెద్దవాళ్లంటే ఎంత గౌరవం! అందుకే కింది బెర్తు తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టింది.

అత్త కళ్లద్దాలు పెట్టుకుని టికెట్టు రెండుసార్లు చదివింది.

"బతికున్నన్నాళ్లూ కిటికీ పక్కన కూచోనిచ్చాడు కాదు. పోయాక కూడా కింద ఆయనే పడుకుంటాట్టరా!" అని పకపకా నవ్వింది.

నాకోసం విడిగా ప్రయత్నిస్తే వెయిటింగ్ లిస్టులో ఒకటో నెంబరొచ్చింది. ఆ రెండు కాగితాలూ పట్టుకుని స్టేషన్లో కౌంటరు దగ్గరికి పరుగెత్తాను.

"పేరు మార్చాలంటే ఆ ప్రయాణికుడే వచ్చి సంతకం పెట్టాలండి" అన్నాడు గుమాస్తా.

"ఆయన చనిపోయారండీ."

"చనిపోయినాయనకి టికెట్టెందుకు తీశారు?"

"పొరపాటున."

"పోనీ రద్దు చేయమంటారా? కాకపోతే ఆ బెర్తు వేరే ఊరి కోటాలోకి పోతుంది. మీకు రాదు."

"మరి మా అత్త పైకెక్కలేదండీ. మోకాలు..."

"మోకాలు కొట్టడానికి ఇందులో గడి లేదండి" అని స్క్రీను నావైపు తిప్పి చూపించాడు పాపం. నిజమే. పేరుకుంది, వయసుకుంది, భోజనంలో మాంసం తింటారా తినరా అనేదానికీ ఉంది. మోకాలికి లేదు. "రైల్లో టీసీకి చెప్పుకోండి. ఆయన రాలేదని రాసుకుంటే ఆ బెర్తు ఒకటో నెంబరుకొస్తుంది. అంటే మీకే" అని గొంతు తగ్గించి దారి చెప్పాడు.

అలాగే రైలెక్కాం. అత్తను కింది బెర్తు మీద కూర్చోబెట్టి, చెప్పాల్సిన ముక్కలన్నీ మనసులో ఒకసారి చదువుకున్నాను. సాయంత్రం నాలుగింటికి టీసీ వచ్చాడు. చేతిలో మెషీను చూసి, "మీవారేరమ్మా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా, "బాత్‌రూముకెళ్లారు బాబూ" అంది అత్త.

సరే, వచ్చాక చూస్తానని ఆయన ముందుకు వెళ్లిపోయాడు. నాకు మతిపోయింది.

"అదేంటత్తా! లేరని చెబితే ఆ బెర్తు మనకొస్తుందిగా!"

"తెలుసు లేరా" అంది అత్త చీర అంచు సర్దుకుంటూ. "మూడేళ్లయింది, మీవారేరీ అని నన్నెవరూ అడిగి. అందరికీ తెలిసిందేగా, ఇంకెవరడుగుతారు? పాపం అంత మర్యాదగా అడిగాడు. లేరని చెప్పబుద్ధి కాలేదు."

టీసీ వెనకాల వెళ్లబోయినవాణ్ణి మళ్లీ కూర్చున్నాను.

అరగంటకు టీసీ మళ్లీ వచ్చాడు. ఖాళీ చోటు చూశాడు, వయసు చూశాడు, గాభరా పడ్డాడు. "డెబ్భై నాలుగేళ్లాయన, అరగంటా! లోపల పడిపోయారేమో!" అంటూ పరుగెత్తాడు. బాత్‌రూము తలుపులు దబదబా బాదాడు. ఒకదాంట్లోంచి మొహాన సబ్బుతో ఒక కుర్రాడు, ఇంకోదాంట్లోంచి ఫోనులో మాట్లాడుతూ ఒకావిడ బయటికొచ్చారు. బోగీలో సగంమంది లేచి మామయ్యను వెతకడం మొదలుపెట్టారు. బతికుండగా ఆయనకోసం ఇంతమంది కదిలింది నేను చూడలేదు.

అత్త టీసీని వెనక్కి పిలిచింది. "బాబూ, వెతక్కండి. ఆయన రాలేదు" అంది. మళ్లీ తనే, "ఇక రాడు" అంది.

టీసీకి అర్థమైంది. మెషీనులో ఏదో నొక్కి, "ఒకటో నెంబరెవరు?" అన్నాడు. నేనేనన్నాను. "మీరు పైకెక్కండి. అమ్మా, మీరు కాళ్లు చాపుకోండి" అన్నాడు. పది రోజులుగా తేలని వ్యవహారం పది సెకన్లలో తేలిపోయింది. ఆయనకు కనిపించింది మరి, మోకాలు.

ఆపరేషను బాగా జరిగింది. పదిహేనో రోజు తిరుగు ప్రయాణానికి టికెట్లు తీయాలి. మళ్లీ వేలు జారకూడదని, ఆసుపత్రి గదిలో అత్త మంచం పక్కనే కూర్చుని, ముందుగా మామయ్య పేరు తీసెయ్యబోయాను. నిజంగా తొలగించాలా అని అడిగింది వెబ్‌సైటు. నేను అత్తకేసి చూశాను. అత్త కిటికీకేసి చూసింది. ఇద్దరం అలాగే ఉండిపోయాం. ఇంతలో, చాలాసేపటినుంచి మీరేమీ చేయడం లేదు కనుక సెషన్ ముగిసిందని చెప్పి, అదే మమ్మల్ని బయటికి గెంటేసింది. ఇప్పటిదాకా వెటకారానికి పొగిడాను గానీ, ఆ ఒక్కసారి మాత్రం నిజంగానే దానికి దండం పెట్టాను.

మళ్లీ లోపలికి వెళ్లాను. పేర్లు ఒకటికి మూడుసార్లు చూసుకుని, అత్తకూ నాకూ మాత్రమే టిక్కు పెట్టాను. రెండూ దొరికాయి! నాకు కింది బెర్తు, అత్తకు పైది. కొత్త మోకాలు కదా, ఎక్కి చూసుకోమని కాబోలు.