మూడు సీసాల సంబంధం

ఆదివారం పొద్దున్నే వరహాలరావు ఉతికిన చొక్కా వేసుకుని, కొండ అవతలి పల్లెలో ఫల్గుణ కాఫీ తోట చూసి వస్తానని భార్యతో చెప్పాడు. చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఫల్గుణకు కాఫీ తోట ఉంది. దాన్ని చూడకుండా అతని ఇంటికి వెళ్లే దారే లేదు.

వరహాలరావుది డుంబ్రిగుడలో కిరాణా దుకాణం. మద్యనిషేధం వచ్చిన ఏడాది, ఎలాగూ దొరకదు కదా అన్న ధైర్యంతో, ఇక చుక్క ముట్టనని పైడితల్లి అమ్మవారి మీద ఒట్టు వేశాడు. తర్వాత ప్రభుత్వం నిషేధం ఎత్తేసింది. అతని భార్య ఈశ్వరమ్మ ఎత్తలేదు.

ఇలా ఉండగా విశాఖ రేవులో పనిచేసే స్నేహితుడు ఓడవాళ్ల దగ్గర సంపాదించి మూడు విస్కీ సీసాలు పంపాడు. ఒకటి స్కాట్లండుది, ఒకటి ఐర్లండుది, ఒకటి అమెరికాది. అంతవరకూ వరహాలరావుకు విస్కీ అంటే ఒకటే రుచి, గొంతు మండడం. "తాగడం కాదురా, తెలుసుకోడం," అన్నాడు స్నేహితుడు ఫోన్లో. "దేని వాసన దానిది, దేని రుచి దానిది. మూడూ పక్కపక్కన పెట్టుకుంటే గాని తెలవదు." తెలుసుకోవడం వేరు, తాగడం వేరు. ఈ తేడా పైడితల్లికి అర్థమవుతుందనే వరహాలరావు నమ్మకం. ఈశ్వరమ్మ విషయంలో మాత్రం ఆ నమ్మకం లేదు. అందుకే ఫల్గుణ ఇల్లు.

సీసాలను బుట్టలో పెట్టి, పైన ఉప్పు ప్యాకెట్లు కప్పి, బుధు చేత ముందుగా పంపించే పని తమ్ముడు నరేష్‌కు అప్పగించాడు. బుధు దుకాణంలో బస్తాలు మోసే మనిషి. నరేష్‌కు ముప్పై దాటాయి, ఇంకా పెళ్లి కాలేదు, నోట్లోంచి మాట రాదు. "నాను సూసుకుంటాను అన్నయ్యా," అన్నాడు. ఆ వారంలో అతను మాట్లాడిన పెద్ద వాక్యం అదే.

వరహాలరావు కొండ ఎక్కి దిగి చేరేసరికి ఫల్గుణ కొత్త తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"బుధు రాలేదేటి?"

"నా ఇంటికెందుకొత్తాడు సావుకారీ? రాజులమ్మింటికి పోనాడు. ఊరంతా అక్కడే ఉన్నాది. నాను నీ కోసరమే ఆగినాను. బేగి రా, అయిపోతాది."

"ఏటి అయిపోతాది?"

ఫల్గుణ అప్పటికే నడక మొదలుపెట్టాడు.

రాజులమ్మ ఆ ఊరికి పెద్దదిక్కు. ఆమె మనవరాలు రత్న డుంబ్రిగుడ ఆసుపత్రిలో నర్సు. ఆ ఇంటి వాకిట్లో పెద్దలంతా గుండ్రంగా కూర్చుని ఉన్నారు. అందరి చేతుల్లో ఆకుదొప్పలు. మధ్యలో మూడు సీసాలు, మూడింటికీ మూతల్లేవు.

కొండ పల్లెల్లో పిల్లను అడిగేందుకు ఒక పద్ధతి ఉంది. మగపిల్లవాడి వైపువాళ్లు పిల్ల ఇంటికి సారా పంపుతారు. ఇష్టం లేకపోతే ముట్టకుండా తిప్పి పంపేస్తారు. తాగితే ఒప్పుకున్నట్టు. పిల్లే తన చేత్తో పోస్తే ఇక తిరుగులేదు. రత్న పోసింది.

"రా బావా, కూకో," అంది రాజులమ్మ. నిన్నటిదాకా ఆమె అతన్ని సావుకారీ అనేది. "ఒక్క సీసా తెచ్చినోళ్లని సూసినాను గానీ, మూడు రకాలు తెచ్చినోడివి నువ్వే." స్కాట్లండు దొప్ప ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఇది పొగ. అటక మీది ఎండుసేప వాసన. అంటే కుర్రోడు పొయ్యి కాడే ఉంటాడు, ఊళ్లంట తిరగడు." ఐర్లండుది ఒక గుక్క వేసింది. "ఇది అంబలిలాగ జారిపోతాది. కుర్రోడికి నోరు లేదు." అమెరికాది నాలుకతో చప్పరించింది. "మొక్కజొన్న పొత్తు కాల్సి బెల్లం రాసినట్టున్నాది. పెళ్లాన్ని తిట్టడు."

తను తెలుసుకోవాలనుకున్నదంతా ఇంకొకరి నాలుక మీద ఉండటం చూసి వరహాలరావుకు నోరూరింది. మెల్లగా చెయ్యి చాపాడు. ఫల్గుణ టక్కున పట్టుకున్నాడు.

"తప్పు! పంపినోడు తాగితే ఇచ్చిందెనక్కి లాక్కున్నట్టు."

"ఇంతకీ పెళ్లికొడుకెవుడు? నువ్వేటి?" అంటూ రాజులమ్మ అతన్ని నెత్తి నుంచి బొజ్జ దాకా చూసి, బొజ్జ దగ్గర ఆగింది.

"అబ్బెబ్బే! నాను కాదు! అమ్మా, ఇదంతా పొరపాటు..."

దొప్పలన్నీ ఒక్కసారి కిందికి దిగాయి.

"నా సేత్తో పోసినాను," అంది రత్న. "పొరపాటంటే ఊరుకోను."

"పొరపాటైతే మీ ఇంటిదాని ముందరే సెప్పు," అంది రాజులమ్మ. "అందరం వొత్తాం. మా గుంట రత్న కోసరం కాకపోతే ఈ సీసాలు మరెవుడి కోసరం తెచ్చినావో అక్కడే అడుగుతాం."

ఈశ్వరమ్మ ముందు ఈ ప్రశ్న ఎలా వినిపిస్తుందో వరహాలరావు ఊహించుకున్నాడు. ఇంట్లో అన్నం, మంచం, మాట, మూడూ ఒకేసారి పోతాయి.

"నరేష్!" అని అరిచాడు. "మా తమ్ముడు నరేష్ కోసరం!"

డప్పులు లేచాయి.

ఊరేగింపు దుకాణం ముందుకు వచ్చేసరికి ఈశ్వరమ్మ చింతపండు ఎండబోస్తోంది.

"ఏటండీ ఇది? కాఫీ తోట మనింటికే వొచ్చిందేటి?"

"సంబంధం ఒప్పుకున్నాం వదినా," అంది రాజులమ్మ. "మీ ఆయన పంపిన మూడు సీసాలూ తాగేసినాం."

ఈశ్వరమ్మ చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. "మూడు సీసాలా?"

"మన నరేష్‌కి... వాళ్ల పద్ధతి అదేనే... ముందు సెప్తే నువ్వేటంటావోనని..."

"మీరు ముట్టారా?"

"పైడితల్లి తోడు. సుక్క ముట్టలేదు."

ఆ రోజు అతను చెప్పిన మొదటి పూర్తి నిజం అది. దానికి ఊరంతా సాక్షి. "పాపం, ఒక్క సుక్కా ముట్టలేదమ్మా," అన్నాడు ఫల్గుణ. "మేం ముట్టనివ్వలేదు."

రెండో వాక్యం డప్పుల్లో కలిసిపోయింది. ఈశ్వరమ్మ కళ్లు చెమర్చాయి. ఎదురుగా మూడు సీసాలున్నా మాట తప్పని మనిషిని ఇన్నాళ్లూ అనుమానించానే అనుకుంది. మరిది కోసం సంబంధాలు వెతికి వెతికి విసిగిపోయిన మనిషేమో, రత్నను పక్కన కూర్చోబెట్టుకుని బుగ్గలు నిమిరింది. "నర్సువి గదా తల్లీ. బీపీ సూత్తావా?"

ఈ సందడిలో వరహాలరావు తమ్ముణ్ణి గోదాములోకి లాక్కెళ్లాడు. నరేష్ అప్పటికే కొత్త చొక్కా వేసుకుని, తల దువ్వుకుని ఉన్నాడు.

"ఫల్గుణింటికి గదరా పంపమన్నాను!"

"అవునన్నయ్యా," అన్నాడు నరేష్. "సీసా ఇంటికొత్తే గాని మాట నడవదని రత్న ఏడాది నుంచి సెప్తంది. నాను కొంటే వదినకి తెలిసిపోద్ది. నీ సీసాలు పంపితే నువ్వు నోరు మెదపలేవు. అందుకే బుధుకి రాజులమ్మిల్లు సెప్పాను."

తమ్ముడు ఒక్కసారే ఇన్ని మాటలనడం వరహాలరావు వినడం ఇదే మొదలు. నోరు లేదని రాజులమ్మ అన్నది ఈ మనిషి గురించే.

పెళ్లి మాఘంలో జరిగింది. స్నేహితుణ్ణి బతిమాలి వరహాలరావు మరో మూడు సీసాలు తెప్పించాడు, తమ్ముడి పెళ్లి కాబట్టి ఈసారి బాహాటంగానే. మగపెళ్లివారి పెద్దగా ఆ పూట అతను తాగినా తప్పులేదని ఫల్గుణ ముందే కనుక్కుని చెప్పాడు. రాజులమ్మ మూడు దొప్పలు నింపి తానే అతని ముందు పెట్టింది.

"మా ఆయన ముట్టరు," అంది ఈశ్వరమ్మ, నలుగురికీ వినిపించేలా గర్వంగా, ఆ దొప్పల్ని పక్కవాళ్ల వైపు జరిపి.

వరహాలరావుకు మజ్జిగ పోశారు. ఇంకేమైనా ఉందా అని అడిగితే, మళ్లీ మజ్జిగే పోశారు.