భుజానికి ముగ్గురు జ్ఞానతండ్రులు

శనివారం ఉదయం నెమెసియో వేసుకున్న పథకం చాలా చిన్నది. డాక్టరుకు భుజం చూపించాలి, నోరు అదుపులో పెట్టుకోవాలి, తిరిగొస్తూ రేపటి పసిబిడ్డ జ్ఞానస్నానం విందుకు పంది మాంసం తేవాలి. మూడింటిలో రెండోదే కష్టమని అతనికీ తెలుసు, భార్య పెతాంగ్‌కీ తెలుసు.

ఓడ మీద తాడు తెగి కొట్టిననాటి నుంచి అతని కుడిచెయ్యి రొమ్ము దాటి పైకి లేవడం లేదు. కానీ కంపెనీ డాక్టరు ఒసోరియో "ఎలా ఉంది?" అని అడిగిన ప్రతిసారీ, పెద్దమనిషిని నొప్పించడం ఎందుకని "బాగానే ఉంది సార్" అన్నాడు. ఆయన, ఓడ పని చెయ్యగలడని రాసేశాడు. సొంతంగా చూపించుకున్న డాక్టరమ్మ మాత్రం ఇక ఓడ ఎక్కకూడదని రాసింది. ఇద్దరి మాటా కలవనప్పుడు, రెండు పక్షాలూ ఒప్పుకున్న మూడో డాక్టరు చెప్పిందే ఖాయం. ఓడ పనికి తగడని ఆయన రాస్తే పరిహారం. తగుతాడంటే ఈ చేత్తోనే మళ్ళీ ఓడ నిచ్చెన ఎక్కాలి.

"ఇవాళ గనక 'బాగానే ఉంది' అన్నావో, కాలు తొక్కేస్తా" అంది పెతాంగ్, పసిదాన్ని చంకనేసుకుంటూ.

"అననే అనను."

"పోయినసారీ ఇలాగే ఒట్టేశావు. తుపానుకు జడవని మగాడివి, తెల్లకోటు కనబడితే పిల్లివైపోతావు."

నిజమే అనుకున్నాడు నెమెసియో. ఓడ మీద అంతమంది నావికుల చేత తాళ్ళు లాగించిన గొంతు, డాక్టరు ముందు మాత్రం మ్యావ్ అంటుంది.

క్లినిక్‌లో పెతాంగ్‌కి ఇంకో బెంగ పట్టుకుంది. రేపు చర్చిలో బిడ్డ బాధ్యత తీసుకునే జ్ఞానతండ్రిగా నిలబడాల్సిన ఆమె తమ్ముడికి ఉన్నట్టుండి ఓడ పిలుపొచ్చింది. ఇలోయిలో రేవుపట్నంలో ఇది మామూలే. ఊళ్ళో మగవాళ్ళు సగంమంది ఎప్పుడూ నీళ్ళ మీదే. బల్ల మీద పక్కనే రబ్బరు చెప్పులేసుకుని కొబ్బరి రొట్టె తింటున్న ఒక పెద్దాయన, ఏడుస్తున్న పసిదాన్ని ఎత్తుకున్నాడు. అది ఠక్కున నోరు మూసింది.

"మీది చల్లని చెయ్యి మానోంగ్, పెద్దన్నలాంటివారు. రేపు దీనికి జ్ఞానతండ్రిగా నిలబడతారా?" అని అడిగేసింది పెతాంగ్.

అడిగాక కాదంటే బిడ్డకు అరిష్టం. అందుకే అక్కడ ఎవరూ కాదనరు. "నిలబడకేం తల్లీ" అని ఆయన లోపలికెళ్ళి, తెల్లకోటు తొడుక్కుని తలుపు దగ్గరికొచ్చి, "నెమెసియో ఎవరు?" అన్నాడు.

మూడో డాక్టరు విల్యాఫ్లోర్ ఆయనే.

కంపెనీ తరఫున వచ్చిన గుమాస్తా సర్మియెంతో ఎగిరి లేచాడు. "కుదరదు! ఇప్పుడు మీరూ నెమెసియో ఒకే బిడ్డకు తండ్రులు, చుట్టాలతో సమానమైన కుంపారెలు. వడ్డించేవాడు మనవాడైతే ఇంకేముంది!"

"అయితే నువ్వూ నిలబడు బాబూ, సరికి సరి అవుతుంది" అంది పెతాంగ్.

సర్మియెంతో ముఖం పాలిపోయింది. కాదంటే బిడ్డకు అరిష్టమని అతనికీ తెలుసు. "మా ఒసోరియోగారికి తెలిస్తే నా ఉద్యోగం..."

"ఆయన్నీ పిలుద్దాం."

అక్కడికక్కడే ఫోన్ చేసి పిలిచింది. ఒసోరియోకీ అరిష్టమంటే భయమే. విల్యాఫ్లోర్ తల పట్టుకుని పరీక్ష వాయిదా వేశాడు. సాయంత్రానికి సంగతి విన్న డాక్టరమ్మ కూడా ఫోన్ చేసింది. "నీ పక్షాన రాసింది నేను. నన్నొక్కదాన్నే వదిలేస్తారా?" ఆమె జ్ఞానతల్లి అయింది. తన భుజాన్ని చూడటం తప్ప అందరూ అన్నీ చేస్తున్నారనుకున్నాడు నెమెసియో.

ఆదివారం జ్ఞానస్నానం సజావుగానే జరిగింది. ఆ తర్వాత ఆచారం ప్రకారం చర్చి మెట్ల మీంచి పిల్లలకు చిల్లర విసరాలి. అందరూ తలా గుప్పెడు నెమెసియో చేతిలో పోశారు.

"విసురు కుంపారె! చెయ్యి బాగానే ఉందిగా?" అన్నాడు ఒసోరియో, కళ్ళు చిన్నవి చేసి.

"బాగానే ఉంది సార్" అనేశాడు నెమెసియో. అన్నాక విసరక తప్పుతుందా? కుడిచెయ్యి రొమ్ము దాకా లేచి ఆగిపోయింది. చిల్లరంతా ఒసోరియో బూట్ల మీద కురిసింది. ఊళ్ళో పిల్లలంతా ఆ బూట్ల మీదికి దూకారు. డాక్టరుగారు మెట్లన్నీ దొర్లి, కింద కుడిభుజం మీద ఆగారు.

"అయ్యో, ఎలా ఉంది డాక్టరుగారూ?" అంటూ జనం చుట్టూ మూగారు.

ఆయన పళ్ళు బిగించాడు. "బాగానే... ఉంది."

"విన్నావుగా సర్మియెంతో! పని చెయ్యగలడని రాసెయ్" అంది పెతాంగ్.

విందులో ఒసోరియో చెంచా రొమ్ము దాకా వచ్చి ఆగిపోయింది. ఎదురుగా నెమెసియో ఎడమచేత్తో తింటున్నాడని అప్పుడు ఆయన కంటబడింది.

"ఎడమచేత్తో పట్టుకోండి సార్. మొదట్లో కొంచెం చిందుతుంది, అంతే."

"నువ్వు 'బాగానే ఉంది' అన్నప్పుడల్లా ఇలాగే ఉండేదా?"

"ఇంతకన్నా కొంచెం బాగానే ఉండేది సార్... అంటే, నొప్పి."

సోమవారం ఒసోరియో అతన్ని మళ్ళీ పిలిపించాడు. ఈసారి ఎలా ఉందని అడగలేదు. నెమెసియో చెయ్యి తనే పట్టుకుని ఎత్తి చూశాడు. తన మాట మార్చుకుని, ఇక ఓడ పనికి తగడని రాసి, ఎడమచేత్తో వంకరగా సంతకం గీశాడు. ఇద్దరు డాక్టర్లదీ ఒకటే మాట కావడంతో మూడో డాక్టరుతో పనే లేకపోయింది.

"పరిహారం ఖాయం కుంపారె" అన్నాడు సర్మియెంతో, చెయ్యి కలుపుతూ. "ఇంతకీ భుజం ఎలా ఉంది?"

"బాగానే..."

పెతాంగ్ మడమ సరిగ్గా అతని బొటనవేలి మీద దిగింది.

ఆ వారమంతా నెమెసియో కుంటుతూనే తిరిగాడు. కాలు ఎలా ఉందని అడిగినవాళ్ళందరికీ మాత్రం అలవాటైన జవాబే చెప్పాడు.